పాత గాయం – కొత్త కాపురం

"డాక్టరుగారూ! మా కోడలికి నరాల బలహీనతేమో కాస్త చూడండి. పెళ్ళయి ఏడాదిన్నర దాటింది. అబ్బాయి గదిలోకి వెడితే చాలు, కొయ్యబారిపోతోందిట. పొద్దున్నే లేచి చూస్తే కళ్ళు వాచి వుంటాయి. అడిగితే ఏమీ లేదంటుంది."

చెబుతున్నది అత్తగారు. కోడలు బల్ల చివర తల వంచుకుని కూర్చుంది. భర్త బయట బండి దగ్గర నిలబడి వున్నాడు, లోపలికి రావడానికి మొహం చెల్లక.

డాక్టరుగారు నాడి చూశారు. రక్తపోటు చూశారు. కంటి రెప్పలు లాగి చూసి కొంచెం రక్తం తక్కువగా వుందన్నారు. టానిక్కు, బలానికి ఇంజక్షన్లు, రాత్రిపూట వేసుకోవడానికి నిద్రమాత్రలు రాసిచ్చారు. ఆరు నెలలు గడిచాయి. రక్తం పట్టింది కాని, భయం పోలేదు. ఈలోగా ఇంట్లో తాయెత్తు కట్టించారు. మొక్కులు మొక్కుకున్నారు. భర్త ఒక రాత్రి విసిగిపోయి, "అసలు నేనంటే నీకు ఇష్టం లేదా?" అని అడిగేశాడు. ఆమె జవాబు చెప్పలేకపోయింది. ఎందుకంటే ఆమెకి అతనంటే ఇష్టమే!

ఆ మధ్య ఆ డాక్టరుగారు రెండు రోజుల శిక్షణా తరగతులకి వెళ్ళివచ్చారు. మనసుకి తగిలిన గాయాలు దాంపత్య జీవితాన్ని ఎలా దెబ్బతీస్తాయో, అలాంటివారికి ఎలా సాయపడాలో డాక్టర్లకి, నర్సులకి, కౌన్సెలర్లకి నేర్పే తరగతులు అవి. తిరిగి వచ్చాక, ఆ అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు, అత్తగారిని మర్యాదగా బయట కూర్చోమన్నారు. నర్సుని గదిలో వుండమని, నెమ్మదిగా అడిగారు.

"అమ్మా! నీ ఇష్టం లేకుండా ఎవరైనా, ఎప్పుడైనా నిన్ను బాధపెట్టారా? ఇప్పుడు చెప్పాలనిపించకపోతే చెప్పక్కరలేదు. ఎప్పుడు చెప్పినా వింటాను."

ఆరోజు ఆమె ఏమీ మాట్లాడలేదు. మరుసటివారం వచ్చి చెప్పింది. పన్నెండేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, చుట్టాల ఇంట్లో, నాన్న వయసున్న మనిషి. ఏడుస్తూ వచ్చి తల్లికి చెబితే, "నోరు మూసుకో, పరువు పోతుంది" అన్నదట తల్లి. అప్పుడు మూసుకున్న నోరు పన్నెండేళ్ళ తరువాత ఇప్పుడు తెరిచింది.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఎన్నో ఇళ్ళల్లో నలిగిపోయే సంగతులని కలిపి చెప్పిన కథ. ఇందులో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా కనిపిస్తే ఆశ్చర్యపడకండి.

మనసుకి గాయమంటే ఏమిటి?

ఒళ్ళు కాలితే మచ్చ పడుతుంది. అది అందరికీ కనిపిస్తుంది. మనసుకి తగిలిన దెబ్బ ఎవరికీ కనిపించదు. అందుకే దానిని చాలామంది మొండితనమనీ, పొగరనీ, గాలి సోకిందనీ అనుకుంటారు. ఇవన్నీ అపోహలే.

మన మెదడులో బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం వుంది. ప్రమాదాన్ని పసిగట్టి హెచ్చరించే కాపలాదారు లాంటిది అది. ప్రమాదం వచ్చిందని అది గంట కొట్టగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. అప్పుడు మనిషి తిరగబడతాడు, లేదా పారిపోతాడు. ఆ రెండింటికీ వీలులేనప్పుడు శరీరం కొయ్యబారిపోతుంది. ఇది చేతగానితనం కాదు. ప్రాణం కాపాడుకోవడానికి ప్రకృతి ఇచ్చిన మూడో ఉపాయం. "అప్పుడు ఎందుకు అరవలేదు?" అని అడిగేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ప్రమాదం తప్పిపోయాక కాపలాదారు నిద్రపోవాలి. కొందరిలో నిద్రపోడు. ఏళ్ళు గడిచినా ఆనాటి తలనూనె వాసన, ఆనాటి చీకటి, ఆనాటి ఫాను చప్పుడు తగిలితే చాలు, మళ్ళీ గంట కొట్టేస్తాడు. తాడుని చూసి పామనుకున్నట్టు, ప్రేమగా చెయ్యి వేసిన భర్తని చూసి శరీరం భయపడుతుంది. "ఇతను మంచివాడు" అని మనసు చెప్పేలోపే ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఆ అమ్మాయి విషయంలో జరిగింది ఇదే.

ఈ జబ్బుని వైద్యులు మొదట సరిగ్గా గుర్తించింది యుద్ధరంగంలో. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుళ్ళ మధ్య వణికిపోతున్న సైనికుల గురించి 1915లో బ్రిటిష్ వైద్యుడు ఛార్లెస్ మయర్స్ 'షెల్ షాక్' పేరుతో రాశాడు. అప్పట్లో చాలామంది సైన్యాధికారులు దానిని పిరికితనం అన్నారు. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం దీనిని 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అనే పేరుతో జబ్బుల జాబితాలో చేర్చింది. పీడకలలు, జరిగినది కళ్ళముందు మళ్ళీ జరుగుతున్నట్టు అనిపించడం, దానిని గుర్తుచేసే చోట్లని, మనుషులని తప్పించుకు తిరగడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం వంటివి నెల దాటినా తగ్గకపోతే ఆ జబ్బుందేమోనని అనుమానించాలి. చిన్నతనంలోనో, హింసాత్మకమైన కాపురంలోనో పదేపదే దెబ్బతిన్నవారిలో వీటికి తోడు తమమీద తమకే అసహ్యం, ఎవరినీ దగ్గరికి రానివ్వలేకపోవడం కూడా వుంటాయి. 2022 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో దీనికి ప్రత్యేకంగా చోటిచ్చారు.

ఇవి ఎక్కడో జరిగే సంగతులు అనుకోకండి. 2007లో వెలువడిన ఒక అధ్యయనం కోసం కేంద్ర ప్రభుత్వ మహిళా, శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలని అడిగించింది. వారిలో సగానికి పైగా, అంటే 53 శాతం మంది, ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకి గురయ్యామని చెప్పారు. ఇలా చెప్పినవారిలో దాదాపు సగంమంది మగపిల్లలే! ఆడపిల్లకైతే కనీసం ఎవరైనా చాటుగా జాగ్రత్తలు చెబుతారు. మగపిల్లవాడి బాధ వినే నాథుడే వుండడు. వాడే రేపు భర్త అవుతాడు. చీటికి మాటికి కోపం, తాగుడు, భార్య దగ్గరకి రాకుండా తప్పించుకు తిరగడం వెనుక ఇలాంటి పాత గాయం వుండవచ్చు.

డాక్టర్లు ఏం నేర్చుకుంటారు?

"డాక్టరు చదువు చదివినవాళ్ళకి మళ్ళీ తరగతులెందుకు?" అని మీకు అనిపించవచ్చు. మామూలు వైద్యవిద్యలో మానసిక వైద్యానికి కేటాయించే సమయం తక్కువ. అందులోనూ భార్యాభర్తల సాన్నిహిత్యం గురించి రోగితో ఎలా మాట్లాడాలో నేర్పడం ఇంకా తక్కువ. ఆ లోటు తీర్చడానికే ఈ శిక్షణా తరగతులు, సదస్సులు. 2004 సునామీ తరువాత బెంగుళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలు కార్యకర్తలకి సైతం, బాధితులతో ఎలా మాట్లాడాలో శిక్షణ ఇచ్చాయి.

ఇలాంటి తరగతుల్లో ఉపన్యాసాలు మాత్రమే వుండవు. ముగ్గురు ముగ్గురుగా జట్లు కడతారు. ఒకరు సాయపడేవారు, ఒకరు బాధ చెప్పుకునేవారు, మూడోవారు పక్కన కూర్చుని గమనించేవారు. పాతికేళ్ళుగా మందులు రాస్తున్న డాక్టరు, రోగి కుర్చీలో కూర్చుని తన సంగతి తాను చెప్పుకోవలసి వచ్చినప్పుడు, మాట గొంతులో ఎలా అడ్డుపడుతుందో మొదటిసారి తెలుసుకుంటాడు.

అక్కడ నేర్పే మొదటి పాఠం, తొందరపడి తవ్వవద్దు అని. అమెరికన్ మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో కోలుకోవడాన్ని మూడు మెట్లుగా వివరించారు. మొదటిది భద్రత. రెండోది జరిగినదానిని తలుచుకుని, పోయినదానికోసం దుఃఖించడం. మూడోది మళ్ళీ మనుషుల్లో కలవడం. మొదటిమెట్టు ఎక్కకుండా రెండోదానికి లాగితే రోగి కిందపడుతుంది. అందుకే ఆ డాక్టరుగారు "చెప్పాలనిపించకపోతే చెప్పక్కరలేదు" అన్నారు. ఆ ఒక్కమాట ఆమెకి పన్నెండేళ్ళ తరువాత పగ్గం తిరిగి చేతికిచ్చింది.

రెండో పాఠం, జ్ఞాపకాలని పుట్టించవద్దు అని. 1990 ప్రాంతాల్లో అమెరికాలో కొందరు చికిత్సకులు "నీకు చిన్నప్పుడు ఏదో జరిగే వుంటుంది, గుర్తు తెచ్చుకో" అని వత్తిడి చేసి, జరగనివి కూడా జరిగాయని కొందరిచేత నమ్మించారు. ఎలిజబెత్ లాఫ్టస్ అనే శాస్త్రవేత్త 1995లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్పుడు బజారులో తప్పిపోయారని ఒక కట్టుకథ చెబితే, 24 మందిలో సుమారు నాలుగోవంతు మంది దానిని పూర్తిగానో, కొంతవరకో నిజమని నమ్మారు. కాబట్టి మంచి డాక్టరు అడుగుతాడు, వింటాడు. తానుగా కథ అల్లడు.

మూడో పాఠం, స్పర్శకి మళ్ళీ అక్షరాభ్యాసం చేయించడం. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే పరిశోధకులు 1970లో వెలువరించిన గ్రంథంలో దంపతులకోసం ఒక పద్ధతి చెప్పారు. కొంతకాలం పాటు సంభోగం పూర్తిగా మానేయమంటారు. చెయ్యి పట్టుకోవడం, భుజం నిమరడం వంటి వాటితో మొదలుపెట్టి, ఇద్దరికీ హాయిగా వున్నంతవరకే మెట్టు మెట్టుగా ముందుకు వెళ్ళమంటారు. పాత గాయం వున్నవారి విషయంలో దీనికి కొన్ని మార్పులు చేస్తారు. దీపం వెలిగించి వుంచడం, చెయ్యివేసేముందు అడగడం, "చాలు" అంటే ఆగిపోవడం ముఖ్యం. "సంభోగం వద్దు" అనగానే ఎంతోమంది భార్యల ఒళ్ళు తేలికపడుతుంది. పరీక్ష తప్పిపోతామనే భయం పోతే భర్తకీ అంతే!

నాలుగో పాఠం డాక్టరు తనకోసం నేర్చుకునేది. రోజూ ఇలాంటి దుఃఖాలు వింటూ వుంటే విన్నవారికీ పీడకలలు వస్తాయి. అనుభవజ్ఞులతో తన కేసుల గురించి మాట్లాడుకోని చికిత్సకుడు ఎక్కువకాలం మంచి చికిత్సకుడుగా వుండలేడు.

మందులున్నాయా?

ఈ గాయానికి ముఖ్యమైన చికిత్స మాటలతోనే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు పద్ధతులని సూచించింది. ఒకటి, గాయంమీద దృష్టి పెట్టి ఆలోచనలని, భయాలని క్రమంగా సరిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. రెండోది, 1989లో ఫ్రాన్సిన్ షపీరో ప్రచురించిన ఇ.ఎం.డి.ఆర్. ఇందులో పాత సంఘటనని తలుచుకుంటూనే, చికిత్సకుడి వేలు కదలికని కళ్ళతో అనుసరించమంటారు. అందులో కళ్ళ కదలికకి ఎంత పాత్ర వుందన్నదానిమీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు వున్నా, చికిత్స వల్ల గుణం కనిపిస్తున్న మాట నిజం. అవసరమైతే దిగులుకిచ్చే మందులు కూడా డాక్టర్లు ఇస్తారు.

కాని, ఘోరం జరిగిన మొదటి నెలలో పెద్దవారికి బెంజోడయజెపైన్ జాతి నిద్రమాత్రలు ఇవ్వవద్దనే ఆ సంస్థ చెప్పింది. ఇవి అలవాటయ్యే ప్రమాదం కూడా వుంది. అలా అని ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా మానేయకూడదు. డాక్టరు సలహాతో నెమ్మదిగా తగ్గించుకోవాలి.

ఇంకొక హెచ్చరిక. దాంపత్యంలో ప్రతి ఇబ్బందికీ పాత గాయమే కారణం అనుకోవద్దు. మధుమేహం, థైరాయిడ్ లోపం, యోనిలో ఇన్ఫెక్షన్, కాన్పు తరువాత నొప్పి, రక్తపోటుకీ దిగులుకీ వాడే కొన్ని మందులు కూడా కోరికని తగ్గిస్తాయి, కలయికని బాధాకరం చేస్తాయి. యోని కండరాలు బిగుసుకుపోయే వెజైనిస్మస్ కొందరిలో ఏ చేదు అనుభవం లేకుండానే వస్తుంది. ముందు శరీర పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్షకీ ఆమె అంగీకారం వుండాలి.

భర్తకి రెండు మాటలు

మీ భార్య మీ స్పర్శకి ముడుచుకుపోతే అది మీమీద తీర్పు కాదు. ఆమె శరీరం పాత శత్రువుతో పోరాడుతోంది, మీతో కాదు. "ఎవడు? ఎప్పుడు? ఎక్కడ?" అని పోలీసు ప్రశ్నలు వెయ్యకండి. ఆమె చెప్పినంతే వినండి. విన్నది మీ అమ్మగారికి కూడా చెప్పకండి. ఆమె ఒక్కసారిగా బిగుసుకుపోతే దూరంగా జరిగి, దీపం వేసి, "నేను. మనింట్లో వున్నాం. ఇప్పుడు భయం లేదు" అని మెల్లగా చెప్పండి. గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పమనండి. పాదాలు నేలకి ఆనించమనండి. పాతరోజుల్లోకి జారిపోయిన మనసు ఈ రోజులోకి తిరిగి వస్తుంది.

తాళి కట్టినంత మాత్రాన బలవంతం చేసే హక్కు రాదు. ఇంట్లో జరిగే లైంగిక హింస కూడా 2005 గృహహింస చట్టం కిందకి వస్తుంది. భర్తే కొడుతున్నా, బెదిరిస్తున్నా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయడం మొదటి పని కాదు. ఆమె భద్రతే మొదటి పని. 181 నంబరుకి ఫోన్ చేస్తే మహిళలకి సాయం అందుతుంది.

ఎవరి దగ్గరకి వెళ్ళాలి?

శిక్షణా తరగతులు మంచివే. కాని, రెండు రోజుల తరగతికి వెళ్ళివచ్చి, గోడకి సర్టిఫికెట్ తగిలించినంత మాత్రాన ఎవరూ మానసిక చికిత్సకులు కాలేరు. అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం ఇ.ఎం.డి.ఆర్ ప్రాథమిక శిక్షణకే 20 గంటల పాఠాలు, 20 గంటల పర్యవేక్షణలో సాధన, 10 గంటల సంప్రదింపులు కావాలి. అదీ అప్పటికే మానసిక చికిత్స చదువుకున్నవారికి!

కాబట్టి మొహమాటపడకుండా అడగండి. "మీ చదువు ఏమిటి? ఈ పద్ధతిలో ఎక్కడ, ఎన్నాళ్ళు శిక్షణ పొందారు? కష్టమైన కేసు వస్తే ఎవరిని సంప్రదిస్తారు?" క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహేబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరు అయ్యారో లేదో కనుక్కోండి. ఒక్క సిట్టింగులో నయం చేస్తానన్నా, చికిత్స పేరుతో ఒళ్ళు తాకబోయినా, భార్యని ఒంటరిగా రాత్రిపూట రమ్మన్నా వెంటనే లేచి వచ్చేయండి.

మీరు చెప్పినది బయటకి పొక్కుతుందని భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలని రహస్యంగా వుంచాలంటుంది. ఎవరి ప్రాణానికైనా ముప్పు వున్నప్పుడు, చట్టం అడిగినప్పుడు మాత్రం దీనికి మినహాయింపులు వుంటాయి. డాక్టరు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన 'టెలి మానస్' నంబరు అది. డబ్బు కట్టక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తల్లులకి ఒక మనవి

ఆ అమ్మాయి సంగతి ఏమైందని అడుగుతారు కదూ? మంత్రం వేసినట్టు ఏమీ మారిపోలేదు. నగరంలో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకి వారం వారం వెళ్ళింది. చివరి కొన్నిసార్లు భర్త కూడా లోపలికి వచ్చి కూర్చున్నాడు. కొన్ని వారాలు ముందుకి, కొన్ని వారాలు వెనక్కి. ఇప్పటికీ కొన్ని రాత్రులు దీపం వెలుగుతూనే వుంటుంది. కాని, "ఇవాళ వద్దు" అని ఆమె చెప్పగలుగుతోంది. "సరే" అని అతను పక్కనే కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. కాపురం అక్కడే కొత్తగా మొదలయింది.

ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు తల్లి ఆమెని దగ్గర కూర్చోబెట్టుకుని, "ఆరోజు నీమాట నమ్మవలసింది అమ్మా! నాకు భయమేసింది" అన్నదట. ఆ మాటకోసమే తాను ఇన్నేళ్ళూ ఎదురుచూశానని ఆమెకి అప్పుడుగాని తెలియలేదు.

మీ పిల్ల గాని, పిల్లవాడు గాని ఏడుస్తూ వచ్చి ఏదైనా చెబితే, పరువు గురించి ఆ క్షణంలో ఆలోచించకండి. దగ్గరికి తీసుకుని మూడుమాటలు చెప్పండి. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. చెప్పి మంచిపని చేశావు." తరువాత ఆ మనిషిని పిల్లల ఛాయలకి రానివ్వకండి. డాక్టరుకి చూపించండి. 1098కి ఫోన్ చేస్తే పిల్లలకి సాయం అందుతుంది. 2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి నేరం తెలిసినప్పుడు పోలీసులకి తెలియజేయడం మన బాధ్యత కూడా.

డాక్టర్లు తరగతులకి వెళ్ళి నేర్చుకునే పాఠాల్లో మొదటిది, నిజానికి ప్రతి ఇంట్లోనూ వంటింటి గడపమీద కూర్చుని నేర్చుకోవచ్చు. అడిగి ఊరుకోవడం కాదు, చెప్పినప్పుడు వినాలి. విన్నప్పుడు నమ్మాలి.